చీజ్‌ను చెడగొట్టుకునే చక్కని మార్గాలు

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం గృహస్థులకు ప్రత్యేకం

ఇదివరకు మన వైపు ఇళ్లల్లో పాలతో అయ్యే పనులు నాలుగే. కాచడం, తోడెయ్యడం, చిలకడం, వెన్న కాచి నెయ్యి తియ్యడం. ఈ నాలుగింటిలో మన ఆడవాళ్లని బురిడీ కొట్టించే మొనగాడు ఇంతవరకు పుట్టలేదు. పాలు గిన్నెలో పడుతుండగానే అందులో నీళ్లెన్నో చెప్తారు. పెరుగు మూత తీసీ తియ్యకముందే తోడు ఎక్కువైందో, ఎండ ఎక్కువైందో చెప్తారు. నెయ్యి చుక్క అరచేతిలో వేసి రుద్ది, వాసన చూసి, ‘ఎవరి దగ్గర తెచ్చినావప్పా ఇది?’ అని నిలదీస్తారు.

అలాంటి ఇళ్లల్లోకి ఇప్పుడు చీజ్ వచ్చింది. పెనుకొండ పక్కన ఎర్రమంచిలో కియా కర్మాగారం పెట్టారు. 2019 ఆగస్టులో అక్కడ మొదటి సెల్టోస్ కారు బయటికొచ్చింది. కారుకంటే ముందే కొరియా ఇంజనీర్లు వచ్చారు, వాళ్ల వెనకే కొరియా హోటళ్లూ, కొరియా అక్షరాల బోర్డులూ వచ్చాయి. హిందూపురానికి బెంగళూరు 100 కిలోమీటర్ల దూరమే. అక్కడ ఉద్యోగాలు చేసే పిల్లలు శనివారం సాయంత్రం ఇంటికొస్తే, మురికి బట్టల సంచీలోంచి ఓ చీజ్ ప్యాకెట్టు కూడా బయటపడుతోంది. ధర్మవరంలో మగ్గాల వీధి పిల్లలకు సైతం పిజ్జా మీద సాగేదేమిటో చెప్పాల్సిన పనిలేదు.

సరుకు వచ్చింది గాని, దాన్ని చెడగొట్టే విద్య ఇంకా మనవాళ్లకు పూర్తిగా పట్టుబడలేదు. పాలైతే సులువు, పొయ్యిగట్టు మీద పెట్టి మర్చిపోతే చాలు. చీజ్ అట్లా కాదు. పాలను నెలల తరబడి నిలవ చేసుకోవడానికే మనిషి కనిపెట్టిన పదార్థం అది. నీళ్లు తీసేసి, ఉప్పు పట్టించి, పులవబెట్టి, గట్టిపరిచి తయారుచేస్తారు. కాబట్టి మొండిది. ఒక పద్ధతి ప్రకారం కష్టపడితే తప్ప చెడదు. ఆ పద్ధతే కింద ఇస్తున్నాం. కత్తిరించి ఫ్రిజ్ తలుపుకు అంటించుకోగలరు.

కొనేటప్పుడు

1. ప్యాకెట్టు ముందువైపే చూడండి.

ముందువైపు పచ్చిక ఉంటుంది, ఆవు ఉంటుంది, సాగుతున్న పిజ్జా ముక్క ఉంటుంది. వెనకవైపు చీమల బారులా అక్షరాలుంటాయి. కళ్లజోడు ఇంట్లోనే మర్చిపోయి రండి.

ధర్మవరం పట్టుచీర కొనేటప్పుడు మీరేం చేస్తారో మాకు తెలుసు. కొంగు చివర పోగొకటి లాగి అగ్గిపుల్లతో అంటిస్తారు. వెంట్రుకలు కాలిన కంపు వచ్చి, బూడిద వేళ్ల మధ్య పొడి అయిపోతే పట్టు. కరిగి గట్టి ఉండ కడితే పాలియెస్టర్. చీర దగ్గర చూపించిన ఆ తెలివి చీజ్ దగ్గర చూపిస్తే మా చిట్కాలన్నీ బూడిదే.

ఎందుకంటే వెనకవైపు తిప్పితే మూడు రకాల సరుకు మూడు రకాలుగా బయటపడిపోతుంది. పాలు, ఉప్పు, కల్చర్, రెన్నెట్ అని నాలుగు ముక్కలతో జాబితా ముగిస్తే అది సహజమైన చీజ్. ‘ఎమల్సిఫైయింగ్ సాల్ట్స్’ అనీ, 331, 339, 452 లాంటి అంకెలూ కనిపిస్తే అది ప్రాసెస్డ్ చీజ్. అంటే అసలు చీజ్‌నే ముక్కలు చేసి, ఆ లవణాలతో కరిగించి మళ్లీ అచ్చు పోసింది. మనం కొనే క్యూబులు, స్లైసులు చాలావరకు ఈ జాతే. మూడో రకంలో పాలకొవ్వు స్థానంలో పామాయిలో, మరో వంటనూనో కూర్చుని ఉంటుంది. దాన్ని చీజ్ అని పిలవకూడదు, ‘అనలాగ్’ అని రాయాలి అని ఆహార భద్రతా నియమాలు చెప్తున్నాయి. రాస్తారు కూడా. ఎక్కడ రాస్తారో చెప్పాం కదా, మీరు చూడనివైపు.

2. లెక్కలు వెయ్యకండి.

ఒక కిలో చెడ్డార్ చీజ్ చెయ్యడానికి దాదాపు 10 లీటర్ల ఆవు పాలు పడతాయి. మీ వీధిలో లీటరు పాలెంతో మీకు తెలుసు. ఈ రెండూ గుణించారో, అంగట్లో ‘కిలో మొజరెల్లా సగం ధరకే’ అన్న అట్టముక్క ముందు నిలబడి ‘పాల ఖర్చు కూడా రాని ధరకి వీడెట్లా అమ్ముతున్నాడు?’ అని అనుమానం వస్తుంది. అనుమానం ఆరోగ్యానికి మంచిది కాదు.

3. వంటకు ఏది కావాలో ఆలోచించకుండా, నోరు తిరగని పేరున్నది కొనండి.

మొజరెల్లా సాగుతుంది గాని తనకంటూ పెద్ద రుచి ఉండదు. చెడ్డార్ సాగదు గాని రుచి ఘాటుగా ఉంటుంది, చక్కగా కరుగుతుంది. పర్మెజాన్ గట్టిది, ఉప్పనిది, చిటికెడు తురిమి పైన చల్లుకునేది. ఫెటా ఉప్పునీళ్లలో ఊరేది, వేడికి మెత్తబడుతుందే తప్ప తీగలా సాగదు. ఇవన్నీ తెలిసినవాళ్లు పిజ్జాకు మొజరెల్లా, టోస్టుకు చెడ్డార్ కొనుక్కుని ఖర్చు తగ్గించుకుంటారు. మీరు పర్మెజాన్‌తో పిజ్జా చేసి, ‘సాగలేదేంటి, మోసం’ అని ఇరుగుపొరుగుకు చెప్పండి.

4. చుక్క రంగు మాకెందుకు అనుకోండి.

పాలను గడ్డకట్టించే రెన్నెట్‌ని పూర్వం నుంచీ దూడ కడుపులోంచి తీస్తున్నారు. ఇప్పుడు సూక్ష్మజీవుల నుంచి తయారుచేసేది వచ్చింది. మన దేశపు కంపెనీలు ఎక్కువగా దాన్నే వాడి ఆకుపచ్చ చుక్క వేస్తాయి. ఇటలీ నుంచి వచ్చే అసలు పార్మిజానో రెజ్జానోకు మాత్రం దూడ రెన్నెట్టే వాడాలని అక్కడి నియమం. ఏకాదశికి ఎర్రగడ్డ కూడా ముట్టని అత్తగారికి అదే తురిమి పెట్టి, ఆవిడ తిన్నాక ఈ సంగతి చెప్పండి. ఇంట్లో కొన్ని నెలలపాటు మాటలు తగ్గి ప్రశాంతత నెలకొంటుంది.

5. కొంటే కిలోకు తగ్గకండి.

కావాల్సింది వందగ్రాములే కావచ్చు. కానీ గీరుకుని బతకడం మన ఇంటా వంటా లేదు. ప్యాకెట్టు తెరిచిన నిమిషం నుంచి దానికి గాలి, చెమ్మ, చేతి తడి తగులుతూనే ఉంటాయి. చిన్న ముక్క అయితే వారంలో అయిపోయి ఈ అవకాశం పోతుంది.

ఇంటికి తెచ్చేటప్పుడు

6. ముందు చీజ్ కొనండి, తర్వాత మిగతా పనులు చూసుకోండి.

బెంగళూరులో బెనెడిక్టైన్ సన్యాసులు వల్లంబ్రోసా అనే పేరుతో మొజరెల్లా చేసి పేరు తెచ్చుకున్నారు. నీళ్లలో తేలే తెల్లటి మెత్తటి ఉండలు. ఇలాంటి తాజా చీజ్ ఎంత లేతదో అంత తొందరగా పాడవుతుంది కాబట్టి మా పాఠకులకు దీన్ని ప్రత్యేకంగా సిఫారసు చేస్తున్నాం. పొద్దున్నే కొని, చిక్‌పేటలో బట్టలు చూసి, మధ్యాహ్నం భోంచేసి, తీరిగ్గా ధర్మవరం వైపు రైలెక్కండి. సంచీని ఎండపడే కిటికీ పక్కన పెట్టండి. దొడ్డబళ్లాపురం దాటేసరికి గోరువెచ్చబడుతుంది, గౌరీబిదనూరుకు పులుపెక్కుతుంది, హిందూపురంలో ఎదుటి బెంచీవాళ్లు లేచి వేరే చోటు వెతుక్కుంటారు. పెనుకొండ నుంచి మీరు కాళ్లు చాపుకుని రావచ్చు.

కొందరు చాదస్తులు చీజ్‌ని అన్నిటికంటే చివర కొని, థర్మకోల్ డబ్బాలో ఐసు ప్యాకెట్ల మధ్య పెట్టుకుని వస్తారు. వాళ్లకు రైల్లో చోటు దొరకదు.

దాచేటప్పుడు

7. ఫ్రిజ్ తలుపే సరైన చోటు.

తలుపు తీసిన ప్రతిసారీ బయటి గాలి మొదట కొట్టేది అక్కడే. మే నెలలో 40 డిగ్రీలు దాటే మన ఊళ్లలో, చల్లనీళ్ల సీసా కోసం పిల్లలు గంటకు పదిసార్లు తలుపు తీసే ఇళ్లల్లో, తలుపు అరలో ఉన్న చీజ్ రోజూ ఊరేగింపుకు వెళ్లొచ్చినట్టే. దాన్ని తీసి వెనకవైపు అరలోనో, కూరగాయల డ్రాయర్‌లోనో 4 డిగ్రీల దగ్గర కుదురుగా ఉండనిస్తే వారాల తరబడి కదలకుండా కూర్చుంటుంది. గట్టి చీజ్ అయితే నెలలు. మనకేం లాభం?

8. ప్లాస్టిక్‌తో ఊపిరాడకుండా బిగించండి, లేదా ఏమీ చుట్టకుండా వదిలెయ్యండి.

రెండూ గొప్ప మార్గాలే. సహజమైన చీజ్ లోపల పనిచేసే సూక్ష్మజీవులు ఇంకా బతికే ఉంటాయి. కొంచెం తేమా, కొంచెం గాలీ రెండూ కావాలి. ప్లాస్టిక్ కాగితంతో గట్టిగా బిగిస్తే చెమటపట్టి, జిగటొచ్చి, ప్లాస్టిక్ వాసన తగులుతుంది. ఏమీ చుట్టకపోతే రెండు రోజుల్లో అంచులు ఎండి గోరులా అవుతాయి. బేకింగ్ కాగితమో, మైనపు కాగితమో చుట్టి, దాన్ని మూత వదులుగా ఉన్న డబ్బాలో పెట్టి, మూడు నాలుగు రోజులకోసారి కాగితం మార్చేవాళ్లూ ఉన్నారు. తీరిక ఎక్కువైనవాళ్లు.

9. ఇరుగుపొరుగు చూసి పెట్టండి.

చీజ్‌లో కొవ్వు ఎక్కువ. కొవ్వు చుట్టుపక్కల వాసనలన్నీ పీల్చేసుకుంటుంది. కాబట్టి సగం కోసిన ఎర్రగడ్డ ఒకవైపు, తెల్లగడ్డ కారం ఒకవైపు, నిన్నటి చేపల పులుసు పైన. మూడో రోజుకి మీ గౌడా చీజ్ హాలెండును పూర్తిగా మర్చిపోయి మన వంటింటిదే అయిపోతుంది.

10. డీప్ ఫ్రీజర్‌ని నమ్మి మొత్తం దిమ్మని అందులో పడెయ్యండి.

గడ్డకట్టేటప్పుడు లోపలి నీళ్లు సూదుల్లాంటి మంచు ముక్కలై చీజ్ అల్లికను తెంచేస్తాయి. కరిగాక ముక్క కొయ్యబోతే ఇసకలా రాలుతుంది. తురిమిన మొజరెల్లాని చిన్న చిన్న పొట్లాలుగా గడ్డకట్టించి, వంటకి నేరుగా వాడుకుంటే పెద్దగా తేడా తెలియదట. అందుకే తురమకండి, పొట్లాలు కట్టకండి, వంటకి వాడకండి. దిమ్మనే కోసి చుట్టాలకు పళ్లెంలో పెట్టండి.

11. బూజు విషయంలో మొండిగా ఉండండి.

ఇక్కడ రెండు పార్టీలున్నాయి. చుక్క బూజు కనిపిస్తే కిలో దిమ్మనూ చెత్తబుట్టలో వేసేవాళ్లు ఒకటి. ఏం కనిపించినా చెంచాతో గీకేసి తినేవాళ్లు రెండు. ఏదో ఒక పార్టీలో చేరిపోయి అన్ని చీజ్‌లకూ అదే సూత్రం వర్తింపజెయ్యండి. చెడ్డార్, పర్మెజాన్ లాంటి గట్టివాటిలో బూజు లోతుకు పోలేదు కాబట్టి దాని చుట్టూ, కిందా రెండున్నర సెంటీమీటర్ల మేర కోసేస్తే మిగతాది బాగానే ఉంటుంది. కత్తి మాత్రం బూజుకు తగలకూడదు. తాజా మొజరెల్లా, క్రీమ్ చీజ్, తురిమిన చీజ్ అయితే మొత్తం పారెయ్యాల్సిందే, వాటిలో వేళ్లు ఎంత దూరం పాకాయో కంటికి కనిపించదు. బ్లూ చీజ్‌కి నీలి బూజూ, బ్రీకి తెల్ల బూజూ కావాలని పెంచినవే. ఈ తేడాలన్నీ గుర్తుపెట్టుకుంటే సూత్రబద్ధత దెబ్బతింటుంది.

12. కరెంటు పోగానే ఫ్రిజ్ తీసి చూడండి.

తలుపు ముయ్యబడి ఉంటే లోపలి చల్లదనం నాలుగు గంటల దాకా నిలుస్తుంది. అందుకని పది నిమిషాలకోసారి తీసి, ‘అయ్యో, కరిగిపోతోందేమో’ అని చేత్తో నొక్కి చూసి మళ్లీ వెయ్యండి. మెత్తటి చీజ్ ఫ్రిజ్ బయట రెండు గంటలకు మించి ఉండకూడదనీ, 32 డిగ్రీలు దాటిన ఎండలో గంటకే పరిమితమనీ అంటారు. మన ఊళ్లలో 32 అంటే చలికాలం మధ్యాహ్నం. ఇలాంటి లెక్కలు మనకు వర్తించవని మనసుకు సర్దిచెప్పుకోండి.

వండేటప్పుడు

13. పెద్ద మంట. అదొక్కటే మంత్రం.

చీజ్ దోసె పోయండి. పెనం పొగలు కక్కాలి. ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసిన చెడ్డార్‌ని వేలు మందాన బిళ్ల కోసి దోసె నడుమ పడేసి, మంట పూర్తిగా పెంచి, పక్కన నిలబడి చూడండి. మొదట బిళ్ల అంచులు మెరుస్తాయి. తర్వాత చెమట పట్టినట్టు పసుపురంగు నూనె బొట్లు తేలి, దోసె చిల్లుల్లోకి జారి చిటపటమంటాయి. నడుమనేమో బిళ్ల ఇంకా చల్లగా, నాలుగు మూలలతో అట్లాగే ఉంటుంది. ఇంకో నిమిషానికి నూనె ఓ పక్క, తెల్లటి రబ్బరు ముద్ద ఓ పక్క. అట్లకాడతో నొక్కితే కిందికి పోయి మళ్లీ పైకి లేస్తుంది. ఈలోపు దోసె మాడిపోతుంది. ఒకే పెనం మీద రెండు పదార్థాలు ఒకేసారి చెడగొట్టడం మామూలు విద్య కాదు.

దీని వెనక శాస్త్రం ఉంది. చీజ్ అంటే ప్రొటీన్ అల్లిన వలలో చిక్కుకున్న కొవ్వూ నీళ్లూ. మెల్లగా వేడెక్కితే వల సడలి అంతా కలిసి పారుతుంది. ఒక్కసారిగా మంట తగిలితే వల బిగుసుకుపోయి లోపలి కొవ్వునీ నీళ్లనీ పిండేస్తుంది. సన్నగా తురిమి, దోసె దాదాపు అయ్యాక చల్లి, మంట తగ్గించి, మూతపెట్టి అరనిమిషం ఆగితే ఈ తమాషా ఏదీ చూడలేరు.

14. తురిమి అమ్మే ప్యాకెట్టు కొని, దిమ్మతో చేసినంత నున్నటి సాస్ ఆశించండి.

తురుము అంటుకోకుండా దానికి స్టార్చో, సెల్యులోజ్ పొడో పట్టిస్తారు. పిజ్జా మీదకైతే ఫరవాలేదు గాని, సాస్‌లో వేస్తే గరగరలాడుతుంది. దిమ్మ కొనుక్కుని కొబ్బరి తురుమే పీటతో గీరుకోవడానికి రెండు నిమిషాలు పడుతుంది. ఆ రెండు నిమిషాల్లో సెల్‌ఫోన్లో మూడు వీడియోలు చూడొచ్చు.

15. సాస్‌ని చీజ్‌తో సహా తెర్లనివ్వండి.

వెన్నలో మైదా వేయించి, పాలు పోసి చిక్కబరిచి, పొయ్యి ఆపాక తురుము కలపమని పుస్తకాలు ఘోషిస్తాయి. మైదాలోని పిండి పదార్థం కొవ్వు విడిపోకుండా పట్టి ఉంచుతుందట. మీరు పాలూ చీజూ కలిపే పొయ్యి మీద పెట్టి కుతకుతలాడించండి. గరిటెతో లేపితే నూలు ఉండలా వస్తుంది. ధర్మవరంలో అయితే ఎవరూ వింతగా చూడరు.

16. ఉప్పు ఎప్పటిలాగే, ఇంకొంచెం ఎక్కువగా.

రాగిసంగటి కెలికేటప్పుడు ఉప్పు వెయ్యండి. మీద చెడ్డార్ తురుమండి, అందులో ఉప్పుంది. పక్కన చెనిక్కాయల ఊరుమిండి పెట్టండి, అందులోనూ ఉంది. నంజుకోడానికి ఊరగాయ. నిజానికి చప్పగా కెలికిన వేడి సంగటిలో గుంత చేసి, నెయ్యికి బదులు కాస్త ఘాటైన చెడ్డార్ వేస్తే మెల్లగా కరిగి రాగుల మట్టివాసనతో భలే కలుస్తుంది. అందుకే ఆ ఉప్పు మర్చిపోకండని హెచ్చరిస్తున్నాం.

17. ఉగ్గానిలో కలపండి.

నానబెట్టి పిండిన బొరుగుల్లో తడి ఇంకా ఉంటుంది. వాటి మధ్య తాజా మొజరెల్లా వేసి కలియబెడితే అది తన నీళ్లనీ వదిలి బొరుగుల్ని జావ చేస్తుంది, తాను మాత్రం తీగలై గరిటెకు చుట్టుకుంటుంది. పక్కన మిరపకాయ బజ్జీ బిక్కమొహం వేసుకుని చూస్తుంది. ఉగ్గానికి ఏ లోటూ లేదని, దాని జోలికి పోవద్దని చెప్పేవాళ్ల మాట వినకండి.

18. తొక్క సంగతి తారుమారు చెయ్యండి.

గౌడా మీద ఎర్రగానో పసుప్పచ్చగానో ఉండేది మైనం, తినేది కాదు. పర్మెజాన్ అంచున గట్టిగా ఉండేది ఎండిన చీజే. పప్పు ఉడికేటప్పుడు ఒక ముక్క వేసి చివర్లో తీసేస్తే పప్పుకు మంచి రుచి పడుతుంది. మీరు మైనం నమిలి, అంచు పారెయ్యండి.

వడ్డించేటప్పుడు

19. విదేశీ పుస్తకాన్ని అక్షరం పొల్లుపోకుండా పాటించండి.

తినే ముందు చీజ్‌ని అరగంట, గంట బయట పెడితే రుచీ వాసనా విప్పారతాయని అందులో రాసి ఉంటుంది. రాసినవాడి గది 20 డిగ్రీలుంటుంది. పాలకొవ్వు 40 డిగ్రీల దగ్గరికొచ్చేసరికి పూర్తిగా కరిగిపోతుంది. ధర్మవరంలో మే నెల మధ్యాహ్నం రేకుల ఇంట్లో గంటసేపు పెట్టి, ఆ తర్వాత చెంచాలు పంచండి. ఐదు పది నిమిషాలు చాలునని ఎవరైనా గొణిగితే పుస్తకం చూపించి నోరు మూయించండి.

పాఠకుల ఉత్తరాలు, మా జవాబులు

ప్రశ్న: మా మేడమీద కొరియా సారు అద్దెకుంటాడు. సలసలా కాగే రామ్యన్ గిన్నెలో స్లైసు చీజ్ వేసుకుంటే వెన్నలా కరిగిపోయింది. నేను బెంగళూరు నుంచి ఖరీదైన అసలు చెడ్డార్ తెప్పించి అట్లే వేస్తే ఉండలు కట్టింది. ఎందుకు సార్? (పెనుకొండ)

జవాబు: ఆయన వేసింది ప్రాసెస్డ్ చీజ్. అందులోని లవణాలు కొవ్వునీ నీళ్లనీ విడిపోకుండా పట్టి ఉంచుతాయి, అందుకే మరిగే నీళ్లలోనూ నున్నగా కలుస్తుంది. ఆ పనికి అదే తగిన సరుకు, చవక కూడా. మీరు మాత్రం పరువు ముఖ్యమనుకుని అసలు చెడ్డారే వేస్తూ ఉండండి. ఉండలు తీసి పక్కన పెట్టుకోడానికి ఒక చిన్న ప్లేటు కొనుక్కోండి.

ప్రశ్న: ఇంట్లోనే మొజరెల్లా చేద్దామని ఆర్నెల్లు నిలవుండే డబ్బా పాలు తెచ్చి రెన్నెట్ వేసినా. పొద్దున పెడితే సాయంత్రానికీ గడ్డకట్టలేదు. (హిందూపురం)

జవాబు: దివ్యంగా ఉంది. అలా నిలవుండే పాలను తయారీలోనే అతి ఎక్కువ వేడికి గురిచేస్తారు, ఆ దెబ్బకు రెన్నెట్‌తో సరిగా పేరుకునే గుణం పోతుంది. ఊళ్లో తెల్లారుజామున పితికిన పాలు తెచ్చి, వాటిని 63 డిగ్రీల దగ్గర అరగంట ఉంచి చల్లార్చి చేస్తే వచ్చేది. ఇటలీలో కంపానియా ప్రాంతపు పేరుమోసిన మొజరెల్లా ఎనుము పాలదే అని తెలిస్తే మీ సందు చివర కట్టేసిన ఎనుము వైపు వేరే చూపు చూడాల్సొస్తుంది. ఎందుకొచ్చిన గొడవ? ఇంకో డబ్బా తెచ్చుకోండి.

ప్రశ్న: పాలు నిమ్మరసంతో విరగ్గొట్టి పనీర్ చేసినా. పిజ్జా మీద వేసి గంట కాల్చినా కరగలేదు. ఇంకో గంట కాల్చమంటారా? (ధర్మవరం)

జవాబు: కాల్చండి. వేడి పాలను పులుపుతో విరిచి చేసే పనీర్ స్వభావమే కరగకపోవడం. అందుకే కూరలో ఎంత ఉడికినా ముక్క ముక్కలాగే ఉంటుంది. రెండో గంటలో కూడా కరగదు గాని, పొయ్యిమీద మీకు నమ్మకం పెరుగుతుంది. అన్నట్టు, విరిగిన నీళ్లు సింకులో పోశారు కదా? వాటితో చపాతీ పిండి కలిపితే మెత్తగా వస్తాయని విన్నాం. పోసేసి మంచి పని చేశారు.

ప్రశ్న: మా కోడలు కడుపుతో ఉంది. మెత్తటి చీజ్ పెట్టొచ్చా? (లేపాక్షి)

జవాబు: ఈ ఒక్క జవాబులో ఎకసెక్కం లేదమ్మా. పాశ్చరైజ్ చెయ్యని పాలతో చేసిన చీజ్ ఏదీ పెట్టకండి. మెత్తటివాటిలో లిస్టీరియా అనే సూక్ష్మజీవి ఉండొచ్చు, కడుపులో బిడ్డకు ప్రమాదం. ప్యాకెట్టు మీద ‘పాశ్చరైజ్డ్’ అని ఉందో లేదో చూసుకుని, మీ డాక్టరమ్మను అడిగి పెట్టండి.

ప్రశ్న: నేను మగ్గం పని చేసే మనిషిని, చదువు తక్కువ. అయినా పాల వాసన చూసి అవి పొద్దున పితికినవో రాత్రివో చెప్తా. ఎండాకాలం తోడు ఎంత వెయ్యాల, చలికాలం ఎంత వెయ్యాల అనేది నా వేలికి తెలుసు. మొన్న మా పిల్లోడు తెచ్చిన చీజ్ కూడా వాసన చూసినా, గిల్లి చూసినా, వెనక ఏం రాసిందో వాడితో చదివించినా, కొంచెమే తెప్పించి కాగితంలో చుట్టి లోపలికి పెట్టినా, దోసె మీద సన్న సెగన వేసినా. బాగుంది. ఇది కూడా పాల సరుకే కదా సార్, అట్లే చూసుకుంటే సరిపోదా? (ధర్మవరం)

జవాబు: అమ్మా, మీ ఉత్తరం అందింది. దయచేసి ఇంకొకటి రాయకండి. మీలాంటివాళ్లు వీధికి ఇద్దరున్నా మా శీర్షిక మూతపడుతుంది.